దానమిచ్చిన కెమెరా

మా ఆవిడ పెద్దకర్మ రోజున ఆమె కెమెరాను పంతులుగారికి దానం ఇచ్చాం. ఇవ్వాలన్న ఆలోచన మా వదినది, అంటే మా ఆవిడ అక్కగారిది. ఒప్పుకున్నది నేను. పోయినవాళ్ళకు ఇష్టమైన వస్తువు ఇస్తే అది వాళ్ళకు చేరుతుందని మా వైపు నమ్మకం. మంచం, పరుపు, గొడుగు, చెప్పులు, రాగి చెంబు అప్పటికే వరసగా పెట్టి ఉన్నాయి. వదిన లోపలికి వెళ్ళి కెమెరా సంచీ తెచ్చి వాటి పక్కన పెట్టింది.

"చీరలంటే దానికి ఏనాడూ పిచ్చి లేదు. ఇష్టమంటూ ఉంటే ఇదొక్కటే. ఇది ఇచ్చుకుంటేనే అక్కడ దానికి అందుద్ది," అంది.

పంతులుగారు సంచీ జిప్పు తీసి చూసి ఇబ్బంది పడ్డారు. "ఇది నాకెందుకమ్మా? ఫోన్లోనే అన్నీ వచ్చేస్తున్నాయి."

"మీక్కాదండీ, దానికి. మీరు పుచ్చుకుంటారు, అంతే."

మంచాన్నీ గొడుగునూ సంకల్పంలో చెప్పినంత సులువుగా కెమెరాను చెప్పడం ఆయనకు కుదరలేదు. కాస్త ఆగి, వెతుక్కుని, "ఛాయాగ్రాహక యంత్రం" అన్నారు. ఆ రోజు మొత్తంలో నవ్వదగిన సంగతి అదొక్కటే. తను ఉంటే నవ్వేది. నేను ఆయన చెప్పినట్టు చేతిలో నీళ్ళు పోసి సంచీ అందించాను.

తను బందర్లో ఒక ప్రైవేటు ల్యాబులో రక్తపరీక్షలు చేసేది. ఫోటోల మీద ఇష్టం యాభై దాటాక పుట్టింది. ఒకసారి గుడివాడలో పెళ్ళి చూసుకుని తెల్లవారుజామున మొదటి బస్సులో తిరిగి వస్తున్నాం. బస్సు బందరులోకి వచ్చేసరికి వీధి దీపాలు ఇంకా వెలుగుతున్నాయి. ఆకాశం నీలంగా అయింది. షాపులన్నీ మూసి ఉన్నాయి. తను కిటికీలోంచి ఫోన్‌తో ఒక ఫోటో తీసింది. బస్సు కుదుపుకి దీపాలన్నీ గీతల్లా పడ్డాయి. పాడైపోయిందనుకున్నాను. తను ఇంటికొచ్చాక కూడా ఆ గీతల్నే చూస్తూ కూర్చుంది. తర్వాత కొన్నాళ్ళకు జీతంలో దాచుకున్న దాంతో కెమెరా, మూడుకాళ్ళ స్టాండు కొనుక్కుంది.

తనకు కావలసింది రోజులో కొద్ది నిమిషాలు మాత్రమే. ఆకాశానికి వెలుగు రావాలి, వీధి దీపాలు ఇంకా ఆర్పకూడదు. అంతకు ముందైతే ఆకాశం ఉత్త నలుపు, ఆ తర్వాతైతే దీపాలు వెలవెలబోతాయి. సాయంత్రం కూడా అంతే, వెనక నుంచి ముందుకి. ఆ నిమిషాల కోసం కోనేరు సెంటరు, బస్టాండు వెనక రోడ్డు, చిలకలపూడి గిల్టు నగల దుకాణాల వరస, గిలకలదిండిలో పడవలు కట్టే చోటు, గుడివాడ రైల్వే గేటు, కాలవ గట్టు మీది వంతెనలు, ఇలా తిరిగేవాళ్ళం. ఒకే చోటికి పదేపదే వెళ్ళడం తనకు విసుగనిపించేది కాదు. హైదరాబాదులో మా చుట్టాలు "బందరులో ఏముందని తీస్తావే?" అని ఏడిపించేవాళ్ళు. "ఉన్నదే తీస్తున్నా. లేంది ఎలా తీయను?" అనేది.

తను తీసే ఫోటోల్లో మనుషులు ఉండేవారు కాదు. ఎందుకని ఒకసారి అడిగాను. "రోజంతా మొహాలే కదా నాకు. అందులోనూ సూది గుచ్చేటప్పటి మొహాలు. పొద్దున్నే ఖాళీ ఊరు చూస్తే కళ్ళు కడుక్కున్నట్టుంటుంది," అంది.

నా పని కాపలా. తెల్లవారకముందు ఒక ఆడమనిషి రోడ్డు పక్కన స్టాండు పెట్టుకుని వంగి నిలబడితే ఊరుకునేవాళ్ళు తక్కువ. అందుకని తను ఊరి వైపు చూస్తుంటే నేను రోడ్డు వైపు తిరిగి నిలబడేవాణ్ణి. కుక్కల్ని అదిలించడం, సైకిళ్ళని కాసేపు ఆగమనడం, అడిగినవాళ్ళకి జవాబు చెప్పడం. అందరూ అడిగేది ఒకటే. మూడుకాళ్ళ స్టాండు కనపడిందంటే అది రోడ్డు వెడల్పు చేయడానికి వచ్చిన సర్వే అని మా వైపు లెక్క. గుడివాడలో ఒక పెద్దాయన బనీనుతోనే వీధిలోకి వచ్చి మా అరుగు ఎంత పోద్దండీ అని అడిగాడు. సర్వే కాదండీ, ఫోటోలు తీసుకుంటున్నాం అంటే నమ్మలేదు.

"ఎవరినండీ తీసేది? ఎవరూ లేరుగా ఇక్కడ?"

"వీధినండీ."

"అదేగా నేనంటున్నా," అని లోపలికి వెళ్ళి ఇంటి కాగితాల సంచీతో తిరిగొచ్చాడు. తను ఒక చేత్తో నోరు మూసుకుని రెండో చేత్తో బటను నొక్కడం ఆ రోజు చూశాను. మిగతా రోజుల్లో తను పని చేస్తుండగా చూసింది తక్కువ. కాపలా ఉన్నవాడు అటు తిరగడానికి లేదు.

తీసినవి అప్పటికప్పుడు చూపించేది కాదు. ఆదివారం తలంటుకుని, జుట్టు ఆరబెట్టుకుంటూ, కార్డు కంప్యూటర్లో పెట్టి ఒక్కొక్కటే చూసుకునేది. నేను పేపరు చదువుకుంటూ మధ్యలో లేచి వెళ్ళి చూసి, బాగుందనేవాణ్ణి. "మీరు అన్నిటికీ బాగుందనే అంటారు," అనేది. అది నిష్ఠూరం కాదు. నాకు తేడా తెలియదని తనకు తెలుసు.

చివరిసారి వెళ్ళింది దివిసీమకు, నాగాయలంక రేవుకి. కార్తీకమాసం. చీకట్లోనే కార్లో బయల్దేరి చల్లపల్లి మీదుగా వెళ్ళాం. పులిగడ్డ దాటేటప్పుడు తను "ఈసారి చాలా బాగా వస్తుందనిపిస్తోంది," అంది. అలా ముందుగా అనడం తన అలవాటు కాదు. రేవులో తను మెట్లు దిగి కిందికి వెళ్ళింది. నేను పైన రోడ్డు చూస్తూ నిలబడ్డాను. తెల్లవారిపోయాక తను పైకొచ్చి స్టాండు మడిచింది. తిరిగి వస్తుంటే, "ఆదివారం మీరు కూడా సరిగ్గా కూర్చుని చూడండి. పేపరు పక్కన పెట్టి," అంది.

ఆ ఆదివారం తనకు డ్యూటీ పడింది. ఊళ్ళో జ్వరాలు ఎక్కువగా ఉన్నాయి. తర్వాతి ఆదివారానికి తను లేదు. ల్యాబులోనే గుండెలో నొప్పి వచ్చి కూర్చుంది. ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది.

మొదటి మాసికం అయ్యాక ఒక రాత్రి నాగాయలంక ఫోటోలు చూద్దామని కంప్యూటరు తెరిచాను. పేపరు పక్కనే ఉంది, దాన్ని తీసి వేరే గదిలో పెట్టి వచ్చాను. నాగాయలంక అందులో లేదు. అంతకు ముందువన్నీ ఉన్నాయి. చాలాసేపు వెతికాక నాకు సంగతి తట్టింది. కార్డు ఇంకా కెమెరాలోనే ఉంది. కెమెరా పంతులుగారింట్లో ఉంది.

మర్నాడు వదినకు ఫోన్ చేశాను. ఆమె ఉండేది గుడ్లవల్లేరులో.

"ఇచ్చింది అడుగుతారా మరిదిగారూ?"

"కెమెరా కాదు వదినా. లోపల చిన్న కార్డు ఉంటుంది. అదొక్కటే."

"ఆ కార్డు లేకపోతే కెమెరా పనిచేస్తదా?"

"చేయదు."

"మరింకేం? మా చెల్లి అక్కడ దాన్ని అపురూపంగా పట్టుకుని ఉంటే, మీరెళ్ళి చేతిలోంచి లాక్కున్నట్టు కాదూ?"

ఈ మాట నేను నమ్మలేదు. పోయినవాళ్ళు ఎక్కడో ఉండి మనమిచ్చిన గొడుగు వేసుకుంటారనీ, చెప్పులు తొడుక్కుంటారనీ నేను ఎప్పుడూ అనుకోలేదు. ఇలాంటి వాటి గురించి చదువుకున్నాను, ఆలోచించుకున్నాను. అయినా ఆ మాట విన్నాక పంతులుగారి వీధి మీదుగా వెళ్ళడమే మానుకున్నాను. నమ్మకం లేనివాడికి కూడా కొన్ని బొమ్మలు మనసులో పడిపోతాయి. తను ఎక్కడో నిలబడి కెమెరాలో కార్డు లేదని చూసుకుంటున్నట్టు ఒక బొమ్మ నాకు పడిపోయింది. అది తప్పుడు బొమ్మ అని తెలిసి కూడా తుడుచుకోలేకపోయాను.

పంతులుగారు దూరాన ఉన్న మనిషేమీ కాదు. నెలనెలా మాసికానికి మా ఇంటికి వచ్చేవారు. నా ఎదురుగా విస్తరి ముందు కూర్చునేవారు. ఈ ఏడు చిక్కుళ్ళు బాలేవని, బస్సులు కిక్కిరిసి ఉంటున్నాయని మాట్లాడేవారు. నేను మజ్జిగ వడ్డించేవాణ్ణి. అడగడానికి ఒక్క వాక్యం చాలు. ప్రతిసారీ వచ్చే నెల చూద్దాంలే అనుకునేవాణ్ణి. కార్డు ఎక్కడికి పోతుంది అనుకునేవాణ్ణి.

ఉగాది వెళ్ళాక వచ్చిన మాసికం రోజున ఆయనే ఎత్తారు ఆ మాట.

"మీ ఇంటి కెమెరా మంచి చేతిలో పడిందండీ. గుడివాడలో మాకు తెలిసిన అమ్మాయి ఉంది, స్టుడియో నడుపుతుంది. మా ఇంట్లో ఒడుగుకి ఫోటోలు తీసింది. ఆ కెమెరా ఆమెకిచ్చేశాను. పెళ్ళిళ్ళకి వాడుకుంటోందట. మీ ఆవిడ ఆత్మ సంతోషిస్తుంది."

"ఎప్పుడిచ్చారండీ?"

"మాఘమాసంలో. అప్పటిదాకా మా బీరువా మీదే ఉంది. మళ్ళీ జిప్పు కూడా తీయలేదు."

అప్పుడు చెప్పాను కార్డు సంగతి. ఆయన తినడం ఆపారు.

"ముందే అడగొచ్చు కదండీ. నెలనెలా వస్తూనే ఉన్నానుగా."

"దానమిచ్చింది అడక్కూడదు కదా అని."

"కెమెరా అడక్కూడదు. సంకల్పంలో నేను యంత్రం అన్నాను గానీ కార్డు అనలేదు. అనని వస్తువు ఇచ్చినట్టు ఎలా అవుతుంది? మీరు నోరు తెరిచి ఉంటే ఆ నిమిషమే తీసిచ్చేవాణ్ణి." ఆయన నన్ను ఓదార్చడానికే అన్నారు. నా మొహం చూసి, "అసలు నాకు తీయడం వస్తేగా," అని కూడా అన్నారు.

మర్నాడే గుడివాడ వెళ్ళాను. ఏలూరు రోడ్డు వైపు ఒక సందులో ఉంది స్టుడియో. నలభై ఏళ్ళ లోపు మనిషి, కంప్యూటరు ముందు కూర్చుని ఎవరిదో పెళ్ళి ఆల్బం పేజీలు సర్దుతోంది. అన్నగారు వేరే వ్యాపారంలోకి వెళ్ళిపోతే స్టుడియో ఈమె తీసుకుందని, ఓణీల ఫంక్షన్లకి ఈ చుట్టుపక్కల అందరూ ఆమెనే పిలుస్తారని పంతులుగారు చెప్పారు.

"రండి బాబాయిగారూ. పాస్‌పోర్టు సైజా?"

"కాదమ్మా." పంతులుగారి పేరు చెప్పి కెమెరా మాది అన్నాను. మాది అనకూడదు, అయినా నోట్లోంచి వచ్చేసింది. "దాంట్లో కార్డు ఉండాలి. ఆ కార్డులో కొన్ని ఫోటోలు ఉండాలి."

"ఉన్నాయండి," అంది. తర్వాత మౌస్ వదిలేసి, "అప్పుడు ఉన్నాయండీ," అంది.

నేను కూర్చున్నాను.

"పెళ్ళికి వెళ్ళేముందు కార్డు ఫార్మాట్ కొట్టి, అంతా ఖాళీ చేసుకుని వెళ్తామండీ. తాళి కట్టేటప్పుడు కార్డు నిండిపోయిందనుకోండి, మా కొంప మునుగుద్ది. అలాగని చూడకుండా ఏనాడూ కొట్టను, ఒట్టు. అన్నీ తిప్పి చూశాను. ఒక్క మనిషి లేడు బాబాయిగారూ. చీకటి, లైట్లు, నీళ్ళు. మళ్ళీ అవే. ఒకే చోట నిలబడి నొక్కుతూనే ఉన్నట్టుంది. కెమెరా కొన్నవాళ్ళు పనిచేస్తుందా లేదా అని నొక్కి చూసుకుంటారే, అలాంటివి అనుకున్నా. ఒక్క మొహం కనపడినా ఆగేదాన్ని. మొహం ఉంటే ఎవరికో ఒకరికి కావాల్సిందై ఉంటదిగా. పంతులుగారికి ఫోన్ చేసి అడిగేదాన్ని."

ఆమెను ఏమనడానికీ లేదు. ఆమె పనిలో మనిషి లేని ఫోటో ఫోటో కాదు. తలుపు తీసి చూసి, గది ఖాళీగా ఉందని దీపం ఆర్పేసిన మనిషిలా చేసింది, అంతే.

"అవి ఎలా ఉన్నాయమ్మా?" అని అడిగాను. ఆ ఫోటోలు చూసినవాళ్ళు ఇద్దరే. ఒకరు పోయారు. రెండోవాళ్ళు నా ఎదురుగా ఉన్నారు.

ఆమె కళ్ళు మూసుకుని నిజంగానే ప్రయత్నించింది. "నీళ్ళల్లో లైట్లు పొడుగ్గా సాగి ఉన్నాయండి. ఆకాశం నీలం. ఒకదాంట్లో చివర ఎరుపు కూడా ఉన్నట్టు..." ఆగింది. "లేదండీ, అది ఇంకెక్కడిదో అయి ఉంటది. అబద్ధం చెప్పకూడదు. రోజుకి వందల ఫోటోలు చూస్తాను, కలిసిపోతాయి. మీరు అక్కడ లేరా బాబాయిగారూ?"

"ఉన్నానమ్మా."

"మరి?" అంది. ఆ తర్వాత తనే, "పోనీండి," అంది.

లోపల్నుంచి కెమెరా తెచ్చింది. బాగా చూసుకుంటోంది. తాడు కొత్తది వేసింది. "మొదటి రోజు ఇందులోంచి చూస్తే అంతా మసకండీ. లెన్సు పోయిందనుకున్నా. తీరా చూస్తే ఏమీ లేదు, ఈ పక్కన చిన్న చక్రం ఉంది. తిప్పితే నా కంటికి సరిపోయింది."

మా ఆవిడ కళ్ళజోడు తీసి కెమెరాలోంచి చూసేది. ఆ చక్రం తన కంటికి తగ్గట్టు పెట్టుకుని ఉంటుంది. ఎటు తిప్పావు, ఎంత తిప్పావు అని అడిగాను. గుర్తు లేదంది. నా చేతికిస్తే కన్ను పెట్టి చూశాను. అవతలి గోడ మీద క్యాలెండరు, దాని కింద కుర్చీ స్పష్టంగా కనపడ్డాయి.

"తీసుకెళ్ళండి. నేను ఇంకోటి చూసుకుంటాను," అంది.

"వద్దమ్మా. అది దానమిచ్చేసిన వస్తువు." పంతులుగారు చెప్పిన మాట ఆమెకు చెప్పాను, కార్డు సంకల్పంలో లేదన్న మాట. ఆమె నవ్వాపుకోలేక, "అయితే ఇది మీదే," అని కార్డు తీసి, పాస్‌పోర్టు ఫోటోలు పెట్టే చిన్న కవరులో వేసి ఇచ్చింది. "దీని మీద చాలా పెళ్ళిళ్ళు ఎక్కాయండీ. అయినా బెజవాడలో పోయిన ఫోటోలు వెనక్కి తీసేవాళ్ళు ఉంటారు. ఆశ పెట్టుకోకండి. అలాగని మానెయ్యకండి."

బెజవాడలో ఒక కంప్యూటర్ల షాపువాళ్ళు కార్డు ఉంచుకుని కొన్నాళ్ళకు రమ్మన్నారు. వెళ్ళేసరికి వచ్చినవన్నీ తెర మీద పెట్టి చూపించారు. జీలకర్ర బెల్లం పట్టుకున్న చేతులు. పసుపు పూసిన మొహాలు. నాకు తెలియని చుట్టాలు వరసగా నిలబడి నవ్వుతున్నారు. వాటి మధ్య ఒకటి వచ్చింది. దాని తేదీ మేం నాగాయలంక వెళ్ళిన రోజుది.

అది పూర్తి ఫోటో కాదు. పై భాగం మాత్రమే ఉంది. ముదురు నీలం ఆకాశం, కుడి మూల వీధి దీపం స్తంభం తల, వెలుగుతున్న దీపం. ఆ కింద అడ్డంగా గీత గీసి కోసినట్టు ఆగిపోయింది. అక్కణ్ణుంచి చివరిదాకా ఒకే బూడిద రంగు.

"కింద భాగం మీద ఇంకేదో ఫోటో ఎక్కేసింది సార్. అది ఇక రాదు," అన్నాడు షాపతను. మిగతావి కూడా కాపీ చేయమంటారా అని అడిగాడు. వద్దన్నాను. ఆ ఒక్కటే, బూడిద రంగుతో సహా, కాగితం మీద వేయించుకున్నాను.

వచ్చేటప్పుడు గుడ్లవల్లేరులో దిగి వదినకు చూపించాను. ఆమె కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చూసింది.

"ఇదేంటి, సగమే ఉంది?"

జరిగిందంతా చెప్పాను. అంతా అయ్యాక, "మాఘం దాకా ఆయన బీరువా మీదే ఉందా?" అంది.

"ఆ."

"అడిగితే ఇచ్చేవారా?"

"ఇచ్చేవాణ్ణే అన్నారు."

వంటింట్లోకి వెళ్ళి కాఫీ కలుపుకుని వచ్చింది. చాలా సేపు పట్టింది దానికి. గ్లాసు నా ముందు పెట్టి, "నేను ఆ మాట అనకపోతే మీరు వెళ్ళి తెచ్చుకునేవారు," అంది.

"మీరు అన్నారు. ఆగింది నేను."

"నమ్మే అన్నాను మరిదిగారూ."

"తెలుసు వదినా. నేను నమ్మకుండా ఆగాను."

ఆమెకు ఈ మాట అర్థమైందో లేదో తెలియదు. కాఫీ చల్లారిపోతోంది తాగమంది. నేను లేచేటప్పుడు ఫోటో ఇంకా ఆమె చేతిలోనే ఉంది. "ఆ రేవెక్కడో నాకు చూపించండి," అంది.

తర్వాతి వారం సాయంత్రానికి బందరు వచ్చింది. మర్నాడు చీకటితోనే బయల్దేరాం. నాగాయలంక చేరేసరికి ఆకాశం ఇంకా నల్లగానే ఉంది. రేవులో దీపాలు వెలుగుతున్నాయి. కారు పక్కన ఆపి మెట్ల దగ్గరకు వచ్చేసరికి సైకిలు మీద వల మూట పెట్టుకుని వస్తున్న మనిషి మమ్మల్ని చూసి దిగాడు.

"మళ్ళీ వచ్చారా సర్వేకి?"

"సర్వే కాదండీ," అన్నాను.

"అప్పుడూ అదే అన్నారు. నన్ను కిందికి దిగనీకుండా ఇక్కడే నిలబెట్టారు. ఏటి పని ఆగుద్దా అంటే, రెండు నిమిషాలండీ అని చెయ్యి అడ్డం పెట్టారు. రెండా అవి?" నవ్వాడు. వదిన వైపు చూసి, "మేడంగారు ఈవిడ కాదే. ఆవిడ రాలేదా?" అన్నాడు.

"లేదయ్యా. మా చెల్లెలు. పోయింది," అంది వదిన.

అతను సైకిలుకి స్టాండు వేశాడు. "అయ్యో. నేనావిడతో ఒక్క మాట మాట్లాడలేదండీ. ఈయనతోనే పోట్లాడా."

"ఆ రోజు మిమ్మల్ని ఎక్కడ ఆపానో గుర్తుందా?"

"ఇదిగో, ఈ పై మెట్టు మీదే."

"ఆవిడ ఎక్కడున్నారు?"

"కిందెక్కడో. నన్ను చూడనిచ్చారేంటి మీరు?" అన్నాడు. తర్వాత తన మాటకి తనే తగ్గి, వల మూట భుజానికెత్తుకుని, "దిగొచ్చా ఇవాళ?" అని అడిగాడు. దిగమన్నాను. అతను మమ్మల్ని దాటి పడవ వైపు వెళ్ళిపోయాడు.

మేం మెట్లు దిగాం. వదినకు మోకాళ్ళ నొప్పులు. ఒక్కో మెట్టూ పక్కకి తిరిగి దిగింది. కింద చదునుగా ఉన్న చోట సంచీలోంచి ఫోటో బయటికి తీసి ఆకాశానికి ఎదురుగా పట్టుకుంది. రేవు పొడవునా స్తంభాలు ఉన్నాయి. అన్నీ ఒకేలా ఉన్నాయి.

"ఇదిగో, ఈ స్తంభం."

"కాదు వదినా, దాని మెడ ఇటు తిరిగి ఉంది. ఫోటోలో అటు ఉంది."

"అయితే అటెళ్దాం పదండి."

కాస్త జరిగాం, మళ్ళీ వెనక్కి వచ్చాం. ఒక చోట నిలబడితే స్తంభం తల కాగితంలో ఉన్నట్టే కుడి మూలకి వచ్చింది. అదే చోటని చెప్పలేను. ఇంకో రెండు చోట్ల నిలబడినా వచ్చేదేమో. ఆకాశం కూడా అదే కాదు. ఈసారి మబ్బు పట్టి ఉంది, నీలం సరిగ్గా రాలేదు. దీపాల వెలుగు మాత్రం నీళ్ళ మీద పొడుగ్గా సాగి ఉంది. గట్టు వెంబడి రేకుల షెడ్డు, ఒక డాబా, దాని మీద ఆరేసిన బట్టలు. నీళ్ళ అంచున కట్టిన పడవలు.

వదిన ఫోటో దించి చూసింది.

"దీనికోసమా అది నిద్ర మానుకుని ఇంత దూరం వచ్చేది?"

ఆమె ఇంకాసేపు చూసింది.

"అది చూస్తుంటే మీరేం చూసేవారు?"

"రోడ్డు."

"రోడ్డు మీద ఏముంది?"

"ఏం లేదు వదినా. అప్పుడప్పుడు ఒక కుక్క వచ్చేది."

ఆమె నవ్వలేదు. మెట్టు మీద చీర కొంగు పరుచుకుని కూర్చుంది. పైన ఎవరో లేచి స్విచ్చి తీసేసినట్టున్నారు, దీపాలన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. నీళ్ళ మీది గీతలు పోయాయి. నేను లేవబోతే, "ఉండండి, వచ్చాం కదా," అంది.

ఆమె చేతిలోంచి కాగితం తీసుకున్నాను. అందులో ఆకాశం ఎంత మేర ఉందో, బూడిద రంగు ఎంత మేర ఉందో వేలితో కొలుచుకున్నాను. ఎదురుగా స్తంభం తల నుంచి కిందికి అంతే మేర లెక్క వేసుకుంటూ వచ్చాను. డాబా అందులోకి వస్తుంది. బట్టలు ఆ రోజు లేవేమో. రేకుల షెడ్డు వస్తుంది. నీళ్ళు కూడా చాలావరకు వస్తాయి. పడవల దగ్గరకు వచ్చేసరికి లెక్క తేలలేదు. వస్తే సగం వరకు వస్తాయి. అసలు ఆ తెల్లవారుజామున అక్కడ పడవలు కట్టి ఉన్నాయో లేదో నాకు తెలియదు.